నాన్న చొక్కా గుండీలు

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం హాస్పిటల్ వరండాలో నిలబడి, ఇన్సూరెన్స్ కస్టమర్ కేర్‌లో పనిచేసే ఒక అమ్మాయి మీద గట్టిగా అరిచాను. లోపల ఐసీయూలో నాన్న ఉన్నారు, స్ట్రోక్ వచ్చి ఆరో రోజు. క్లెయిమ్ కాగితాల్లో ఏదో తేదీ సరిపోలేదని వెనక్కి పంపారు. ఫోన్ ఒకరి నుంచి ఒకరికి మారి మారి నాలుగోసారి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది, ఆమె మళ్లీ మొదటి నుంచి పాలసీ నంబర్ చెప్పమంది. అంతే. ఆరు రోజుల నిద్ర లేకపోవడం, భయం, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం, అంతా ఆమె మీద కుమ్మరించాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తు లేవు. "మీకు ఇంట్లో తల్లీతండ్రీ లేరా" అన్నది మాత్రం గుర్తుంది.

ఆమె ఎదురు చెప్పలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అడిగింది: "మీ నాన్నగారికి ఇప్పుడెలా ఉందండీ?"

నా నోట మాట రాలేదు. ఆ ఆరు రోజుల్లో ఎంతమందితో మాట్లాడానో, బిల్లింగ్ కౌంటర్, మందుల కౌంటర్, సంతకాలు పెట్టించుకునే వాళ్లు, ఫారాలు ఇచ్చే వాళ్లు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరి పనిలో వాళ్లున్నారు. కానీ ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. అప్పటికి ఒక్క నిమిషం ముందే నేను తిట్టిన మనిషి.

ఆమె నా క్లెయిమ్ పాస్ చేయలేదు, అది ఆమె చేతిలో లేదు. ఏ కాగితంలో ఏ తేదీ మార్పించాలో, ఎవరి సంతకం కావాలో చెప్పి, "కాస్త టైమ్ పడుతుంది, కానీ ఆగిపోయే విషయం కాదండీ, మీరు కంగారు పడకండి" అంది. నేను సరే అని ఫోన్ పెట్టేశాను. సారీ చెప్పలేదు.

ఆ ఫోన్ కాల్ గురించి రెండేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. దయ అంటే పెద్ద మనసున్న కొందరికే ఉండే గుణమని, మనలాంటి మామూలు మనుషులకు అది అప్పుడప్పుడూ మాత్రమే వస్తుందని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. దయ దాదాపు అందరిలోనూ ఉంటుంది, దాన్ని బయటికి రానివ్వనిది రాతిగుండె కాదు, తొందర. నాన్నతో గడిపిన ఈ రెండేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఇదొక్కటే, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఈ విషయం మీద ఒక పాత ప్రయోగం ఉంది. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో, మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థుల మీద తాము చేసిన ఈ ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక్కొక్కరినీ పిలిచి పక్క బిల్డింగ్‌కి వెళ్లి ఒక చిన్న ప్రసంగం రికార్డ్ చేయమన్నారు. సగం మందికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని అందరూ దాటిపోతే పరాయివాడొకడు ఆగి కాపాడిన కథ. వాళ్లు వెళ్లే దారిలో ఒక మనిషి తల వాల్చేసి, దగ్గుతూ, మూలుగుతూ కూర్చుని ఉంటాడు. అతను కావాలని అక్కడ పెట్టిన మనిషే, ఆ సంగతి విద్యార్థులకు తెలియదు. కొందరికి "ఇంకా టైముంది, మెల్లగా వెళ్లండి" అని చెప్పారు, కొందరికి "ఇప్పుడు బయలుదేరితే సరిపోతుంది" అని, కొందరికి "ఇప్పటికే లేటయింది, త్వరగా వెళ్లండి" అని. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు, కాస్త తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం, బాగా తొందరలో ఉన్నవాళ్లలో 10 శాతం. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్న దాంతో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఆగి సాయం చేసిన మనిషి కథ చెప్పడానికి వెళ్తూ, ఆ మూలుగుతున్న మనిషిని దాటుకుని వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

దీన్ని చదివినప్పుడు నాకు వాళ్ల మీద కోపం రాలేదు, నాన్న చొక్కా గుర్తొచ్చింది.

స్ట్రోక్ మెదడు ఎడమ వైపు రావడంతో నాన్నకు కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా చాలా వరకు పోయింది. కొన్ని నెలలకు కాలు కాస్త నయమైంది. చేయి మాత్రం చాలా నెమ్మది. చొక్కా గుండీ ఒక్కటి కాజాలో పెట్టడానికి ఆయనకు నిమిషం పైన పట్టేది. ఫిజియోథెరపిస్ట్ మొదటి రోజే చెప్పారు, ఆ చేతితో ఆ పని మళ్లీ మళ్లీ చేస్తేనే మెదడు కొత్త దారులు వేసుకుంటుంది, మీరు చేసిపెడితే ఆ దారి పడదు అని. తల ఊపాను, అర్థమైంది అన్నాను. మర్నాడు పొద్దున ఆఫీసుకి లేటవుతోందని "ఉండు నాన్నా, నేను పెడతాను" అంటూ ఆయన చేయి పక్కకి తోసి, పది సెకన్లలో ఆరు గుండీలూ పెట్టేశాను. అలా ఒక రోజు కాదు, చాలా వారాలు.

బయటి నుంచి చూసేవాళ్లకు అది సేవలా కనిపిస్తుంది. "ఎంత బాగా చూసుకుంటున్నావు తల్లీ" అన్నవాళ్లు కూడా ఉన్నారు. కానీ గుండీలు పెట్టేంతసేపూ నాన్న ముఖం గోడ వైపు తిప్పుకునేవారు. ఆయనకు కావలసింది నా వేళ్లు కాదు, నా పది నిమిషాలు. అది నాకు తెలియక కాదు. తెలిసే, ఇవ్వలేదు.

ఆ విద్యార్థులకు ఆ కథ తెలియదా? తెలుసు. నాకు ఫిజియోథెరపిస్ట్ చెప్పింది తెలియదా? తెలుసు. తెలియడం ఒకటి, ఆగడం ఇంకొకటి.

మాట సంగతి ఇంకా కష్టం. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఈ మాట పోవడం ఉంటుందట, డాక్టర్లు దీన్ని అఫేసియా అంటారు. ఇందులో తెలివి పోదు. మనుషులు గుర్తుంటారు, ఏం చెప్పాలో లోపల తెలుస్తూనే ఉంటుంది, కానీ పదం చేతికి దొరకదు, దొరికినా సగంలో ఆగిపోతుంది. ఒకసారి నాన్న "ని... ని..." అంటున్నారు. నేను "నీళ్లా?" అని పరుగెత్తి గ్లాసు తెచ్చాను. ఆయన కాదన్నట్టు తల ఊపారు. "నిద్ర వస్తోందా? దిండు సర్దమంటావా?" అని అడిగాను. అదీ కాదు. ఆయన విసిగిపోయి కళ్లు మూసుకున్నారు. ఆ రాత్రి ఎప్పుడో, ఎవరూ ఏమీ అడగనప్పుడు, తనంతట తానే "నిన్న" అన్నారు. కాసేపు ఆగి, "రాలేదు" అన్నారు. రోజూ సాయంత్రం పలకరించి వెళ్లే పక్కింటి పిల్లాడు నిన్న రాలేదని, వాడికి ఏమైందోనని ఆయన బెంగ. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయన పొద్దున నుంచి ప్రయత్నిస్తూ ఉంటే, నేను ఆయన నోట్లోంచి మాట లాగేసుకుని నా మాట పెడుతూ ఉన్నాను.

ఆ తర్వాత స్పీచ్ థెరపిస్ట్ చెప్పినవి ఈసారి నిజంగానే విన్నాను. ఒకసారికి ఒకటే ప్రశ్న అడగాలి. అవును, కాదు అని చెప్పగలిగేలా అడగాలి. టీవీ కట్టేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు, కాసేపు మౌనంగా ఉండగలగాలి. చివరిది చాలా కష్టం. పది సెకన్ల మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో, ఎదుటి మనిషి పదం కోసం వెతుక్కుంటున్నప్పుడు పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు, నేనూ ఎన్నో ఇళ్లలో ఇదే చేసి ఉంటాను. వచ్చినవాళ్లు నాన్న ఎదురుగానే కూర్చుని నన్ను అడిగేవారు, "మందులు వేసుకుంటున్నారా? రాత్రి పడుకుంటున్నారా? మనల్ని గుర్తు పడుతున్నారా?" అని. ఆయన అక్కడే ఉన్నారు, అన్నీ వింటున్నారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర "పాపం, ఎలా ఉండే మనిషి ఎలా అయిపోయాడు" అని నిట్టూర్పు. ఆ మాట లోపలికి వినపడుతుంది.

మన భాషలో పాపం అన్న మాట ఎంత చిత్రమైనదో చూడండి. చేసిన తప్పుకీ అదే మాట, కష్టంలో ఉన్న మనిషిని చూసి అనేదీ అదే మాట. "అయ్యో పాపం" అనడం చాలా తేలిక, అది మనకు తెలియకుండానే వచ్చేస్తుంది, అది వచ్చాక మన వంతు అయిపోయినట్టు ఉంటుంది. జాలికీ దయకీ తేడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. జాలిపడే మనిషి గట్టు మీద ఉంటాడు, దయ చూపే మనిషి కిందికి దిగి పక్కన కూర్చుంటాడు. జాలి తప్పు అనను, చాలాసార్లు మొదలయ్యేది దానితోనే. అక్కడితో ఆగిపోతేనే కష్టం, ఎందుకంటే జాలి పొందేవాడికి తాను చిన్నవాడైపోయినట్టు ఉంటుంది.

నాన్న పాత స్నేహితుడు ఒకాయన వచ్చేవారు, ఇప్పటికీ వస్తారు. నా వైపు చూడరు, కుర్చీ లాక్కుని నాన్నకు ఎదురుగా, ఎడమ చేయి అందేంత దగ్గరగా కూర్చుంటారు. "ఏరా, ఇవాళ ఏంటి సంగతులు" అంటారు. జవాబు వచ్చేదాకా ఆగుతారు. ఎంతసేపైనా సరే, రెండు నిమిషాలైనా ఆగుతారు. రాకపోతే "సరేలే, తర్వాత చెబుదువు" అని తన సంగతులు మొదలుపెడతారు, తన మోకాళ్ల నొప్పులు, తన కొడుకుతో పడ్డ గొడవ, అన్నీ. "నువ్వైతే ఏం చేసేవాడివి చెప్పు" అని నాన్నను సలహా అడుగుతారు. స్ట్రోక్ తర్వాత నాన్నను సలహా అడిగిన మనిషి ఆయనొక్కరే. ఆయన వెళ్లాక నాన్న భుజాలు కాస్త నిటారుగా ఉండేవి, నా ఊహ కాదు, ఇంట్లో అందరం గమనించాం.

ఈ గుణం మనకు ఎవరో నేర్పితే వచ్చేది కూడా కాదేమో. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు 2006లో పద్దెనిమిది నెలల పిల్లల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి బట్టల క్లిప్పు జారవిడిచి అందుకోలేక చేయి చాపుతుంటే, చేతుల నిండా వస్తువులతో అల్మరా తలుపు తీయలేక తంటాలు పడుతుంటే పిల్లలు ఏం చేస్తారని చూశారు. 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా వెళ్లి సాయం చేశారు, ఎవరూ అడగలేదు, బహుమతీ ఇవ్వలేదు. అదే క్లిప్పుని కావాలని పారేస్తే మాత్రం పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. అంటే ఎదుటి మనిషికి అవసరం ఉందా లేదా అన్నది ఆ వయసుకే తెలుస్తోంది. మరి మనకేమైంది? పక్కింటి పిల్లాడు నాన్న చేతికర్ర పడిపోతే నాకంటే ముందు పరుగెత్తుతాడు. వాడికి ఆఫీసు లేదు, మీటింగ్ లేదు, ఫోన్ లేదు.

కష్టంలో ఉన్నవాళ్లకు ఫోన్ చేయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, అది తొందరంత పెద్దది కాదు గానీ చెప్పాలి. "ఈపాటికి అందరూ చేసే ఉంటారు, నేనెందుకు మళ్లీ ఇబ్బంది పెట్టడం" అనుకుంటాం. అందరూ అలాగే అనుకుంటారు. నాన్న హాస్పిటల్లో ఉన్నప్పుడు నాకు వచ్చిన మెసేజిల్లో ఎక్కువ భాగం "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవే. ప్రేమతోనే పెట్టారు, కాదనను. కానీ ఆ స్థితిలో ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగాలో తేల్చుకుని, మొహమాటం చంపుకుని అడగడం కూడా ఒక పనే. ఆఫీసులో నాకు అంత పరిచయం కూడా లేని ఒకతను మాత్రం ఇలా పెట్టాడు: "రేపు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నేను వరండాలో ఉంటాను. మీరు ఇంటికెళ్లి పడుకోండి. డాక్టర్ పిలిస్తే వెంటనే ఫోన్ చేస్తాను." వచ్చాడు, ఉన్నాడు. వారం తర్వాత నేను మొదటిసారి నిద్రపోయింది ఆ రాత్రే.

ఇక్కడ ఒక మాట, చూసుకునేవాళ్ల కోసం. మొదట్లో నాన్న బాధపడుతుంటే నేనూ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. దయ అంటే అదేననుకున్నాను, ఆయన బాధంతా నేను కూడా పడడం. మూడు నెలల్లో నాకు ఒంట్లో శక్తి లేదు, ఆయన గదిలోకి వెళ్లాలంటేనే టెన్షన్ పట్టుకునేది, వంక పెట్టుకుని తప్పించుకునేదాన్ని. ఓల్గా క్లిమెకీ, టానియా సింగర్ అనే శాస్త్రవేత్తలు ఈ విషయం మీద పనిచేశారు. కొంతమందికి ముందు ఎదుటివాళ్ల బాధను తామూ అనుభవించడంలో శిక్షణ ఇచ్చి, కష్టాల్లో ఉన్న మనుషుల వీడియోలు చూపిస్తే వాళ్లలో దిగులు పెరిగింది. ఆ తర్వాత అదే మనుషులకు కరుణలో, అంటే ఎదుటి మనిషి బాగుండాలని మనసారా కోరుకోవడంలో శిక్షణ ఇస్తే ఆ దిగులు తగ్గి, మంచి భావాలు పెరిగాయి, మెదడులో పనిచేసిన భాగాలు కూడా వేరు. ఎదుటివాళ్ల బాధలో మునిగిపోవడం, వాళ్లు బాగుండాలని కోరుకుంటూ పక్కన నిలబడడం, ఈ రెండూ ఒకటి కావు. మునిగిపోతున్న మనిషిని కాపాడాలంటే మనమూ మునిగితే ఎలా? అలసిపోతే కాసేపు బయటికెళ్లి రండి, అది స్వార్థం కాదు. ఆ సంగతి నాకెవరైనా మొదటి నెలలోనే చెప్పి ఉంటే బాగుండేది.

"అందరి మీదా దయ చూపిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు" అని నాతో అన్నవాళ్లున్నారు. దయ అంటే అన్నిటికీ తల ఊపడం అనుకుంటే ఆ భయం నిజమే. కానీ ఆ కస్టమర్ కేర్ అమ్మాయి నాకు చెప్పిన జవాబు ఏమిటి? కాదనే కదా. కాగితం సరిగా లేదు, మార్పించుకుని రావాలి, అంతే. నాకు ఆ "కాదు" గుర్తు లేదు, దాన్ని ఆమె ఎలా చెప్పిందో గుర్తుంది.

ఇంకో విషయం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. బయటివాళ్లతో ఎంతో ఓపికగా ఉండే నేను, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఒకే విషయం నాలుగుసార్లు చెప్పగలిగే నేను, ఇంట్లో నాన్న ఒకే మాట రెండోసారి అడిగితే "ఇప్పుడే చెప్పాను కదా" అని విసుక్కునేదాన్ని. మన వాళ్లు ఎక్కడికీ పోరన్న ధైర్యం కావచ్చు, మిగిలిందేదో అదే వాళ్లకు ఇస్తాం. అలసట, విసుగు, రోజులో చివరికి మిగిలిన ఆ కాస్త. ఐసీయూ తలుపు బయట ఆరు రోజులు నిలబడ్డాక కూడా నాకు ఈ అలవాటు పూర్తిగా పోలేదు. తగ్గింది.

ఇప్పుడు పొద్దున్నే అరగంట ముందు లేస్తున్నాను. నేను చేసిన మార్పు అదొక్కటే. మనసు మార్చుకోవడం గురించి నాకు పెద్దగా తెలియదు, అలారం మార్చడం మాత్రం నా చేతిలో ఉంది. నాన్న మంచం అంచు మీద కూర్చుని చొక్కా వేసుకుంటారు, నేను ఎదురుగా కుర్చీలో కూర్చుంటాను, ఫోన్ పక్క గదిలో పెట్టి.

మొన్న అలా కూర్చున్నప్పుడు ఎందుకో ఆ ఫోన్ కాల్ సంగతి ఆయనకు చెప్పాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, సిగ్గనిపించి. ఎలా అరిచానో, ఆమె ఏమడిగిందో, అంతా చెప్పాను. ఆయన చేతులు ఆపి విన్నారు. ఒక గుండీ తప్పు కాజాలో పడి, చొక్కా ఒక వైపు పైకి లేచి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

"పే..." అన్నారు.

పేపరా, పెన్నా అని నోటి దాకా వచ్చింది. ఆగాను. బయట ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. ఆయన కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ మొదలుపెట్టారు.

"పే... పేరు?"

"అడగలేదు నాన్నా."

ఆయన నా వైపు కాసేపు చూశారు. తర్వాత తల వంచి, తప్పుగా పెట్టిన గుండీ తీసేసి, కింది నుంచి మళ్లీ పెట్టుకోవడం మొదలుపెట్టారు.